పాత శిస్తు లెక్కల్లోంచి వంశవృక్షం తీయడం ఎలా?

ముత్తాత పేరు అడిగితే మనలో చాలామంది తడుముకుంటాం, ఆయన తండ్రి పేరు అడిగితే ఇక నీళ్ళు నమలడమే. జనన మరణాల రిజిస్టర్లు పల్లెల్లో అంత వెనక్కి దొరకవు, దొరికినా చెదలు తినగా మిగిలినవే. శిస్తు లెక్కల సంగతి వేరు. నవాబు పోయి కంపెనీ వచ్చినా, దొరలు పోయి మనవాళ్ళు వచ్చినా, ఫలానా చేనుకి ఎవరు ఎంత కట్టాలో రాసుకోకుండా ఏ సర్కారూ ఊరుకోలేదు. మన తాతలు ఆ కాగితాల్లో ఉన్నారు. వాళ్ళని ఎలా వెతకాలో, అంతకన్నా ముఖ్యంగా దొరికిన కాగితాన్ని ఎలా చదవాలో ఇక్కడ వరసగా చెప్తాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి. లెక్క రాసిన కరణానికి మీ వంశంతో పని లేదు, డబ్బు ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలిస్తే ఆయనకి చాలు. అందుకని పట్టాలో పేరున్నంత మాత్రాన ఆ మనిషి ఆ ఏడు బతికున్నాడని కాదు, పోయి ముప్పై ఏళ్ళయినా ఆయన పేరునే శిస్తు కడుతూ పోయిన కుటుంబాలు కోకొల్లలు. అంచేత ఒక్క ఏడాది కాగితం పట్టుకుని "మా ముత్తాత 1920లో ఉన్నారు" అని తేల్చేయకండి. ఒకే చేనుకి వరసగా పది, ఇరవై ఏళ్ళ లెక్కలు పక్కపక్కన పెట్టి, పేరు ఏ ఏడు మారింది, ఎవరి పేరుకి మారింది, విస్తీర్ణం ఎన్ని ముక్కలైంది అని చూడాలి. కుటుంబ చరిత్రంతా ఆ మార్పుల దగ్గరే దొరుకుతుంది.

1. ముందు ఇంట్లో ఉన్నవి బయటికి తీయండి

అటక మీద ట్రంకుపెట్టె దించండి. శిస్తు రసీదులు, పాత దస్తావేజులు, పారీఖత్తు (పంపకాల కాగితం), వీలునామా, ఎప్పుడో నడిచిన సివిల్ దావా కాగితాలు, ఏది దొరికినా పనికొస్తుంది. వాటిలోంచి మనకి కావలసినవి ఊరి పేరు (శివారు గ్రామమైతే దాని పేరు కూడా), అప్పటి తాలూకా, సర్వే నంబరు, పట్టా నంబరు. మండలాలు 1985లో వచ్చాయి, అంతకు ముందు కాగితాలన్నీ తాలూకా పేరు మీదే ఉంటాయి కాబట్టి ఆ పేరు తెలియకపోతే రికార్డు గదిలో అడుగు ముందుకు పడదు.

పెద్దవాళ్ళని అడిగేటప్పుడు "మీ తాత తండ్రి పేరేంటి" అని మొదలెట్టకండి, వాళ్ళకి గుర్తుండదు, గుర్తులేనందుకు చిన్నబుచ్చుకుంటారు కూడా. పొలాల గురించి అడగండి. చింతల చేను ఎవరి వాటాకి వచ్చింది, చెరువు కింద మడి ఎందుకు అమ్మారు, దొరువు పక్క చెక్క ఎవరికి పసుపు కుంకుమ కింద ఇచ్చారు. మనుషుల పేర్లు మర్చిపోయిన వాళ్ళకి కూడా చేల పేర్లు, వాటి మీద జరిగిన తగాదాలు పూసగుచ్చినట్టు గుర్తుంటాయి.

దస్తావేజుల్లో హద్దులు రాసిన చోట ఆగి చదవండి. "తూర్పు: ఫలానా వెంకటప్పయ్య చేను" అని ఉంటే ఆ వెంకటప్పయ్య మీ దాయాది కావడానికి మంచి అవకాశం ఉంది, ఒకప్పుడు ఒకే చేనుగా ఉన్నది పంచుకోబట్టే పక్కపక్కన అయ్యారు. హద్దుల్లో ఉన్న పేర్లన్నీ విడిగా ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తాయి.

2. మీ ఊరు ఎవరి కింద ఉండేదో తేల్చుకోండి

ఇది తేలకుండా ఆఫీసుల చుట్టూ తిరిగితే లేని రికార్డు కోసం తిరిగినట్టే. ఎందుకంటే ఊరి రకాన్ని బట్టి రికార్డు రకం మారుతుంది.

రైతువారీ ఊళ్ళలో ప్రభుత్వం నేరుగా రైతు దగ్గరే శిస్తు తీసుకునేది. నిజాం 1800లో కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాల్లో, అంటే ఇప్పటి రాయలసీమలో, మన్రో కలెక్టరుగా ఉండి ఈ పద్ధతికి పునాది వేశాడు, తర్వాత ఇది కోస్తాలో కూడా చాలా ఊళ్ళకి వచ్చింది. ఈ ఊళ్ళవాళ్ళది అదృష్టమే, రైతు పేరు సర్కారు పుస్తకంలోనే ఉంటుంది.

జమీందారీ ఊళ్ళ కథ వేరు. 1802 శాశ్వత శిస్తు విధానం తర్వాత విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి లాంటి చోట్ల సర్కారుకి కావలసింది జమీందారు మొత్తంగా కట్టే శిస్తే (పేష్కష్), రైతు పేరు జమీందారు కచేరీ లెక్కల్లో ఉండేది. రైతుకి జమీందారు పట్టా ఇచ్చేవాడు, రైతు ముచ్చిలిక (ఒప్పుదల పత్రం) రాసిచ్చేవాడు. ఈ జత కాగితాలు ఇళ్ళలో దొరికితే బంగారం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ఈ ఊళ్ళలో చాలావాటికి భూమి కొలిచి శిస్తు ఖాయం చేసే సర్వే సెటిల్‌మెంటు జరిగి, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఏ చేను ఎవరిదో రాసిన రిజిస్టర్) తయారైంది. వీళ్ళకి సర్కారు రికార్డులో మొదటి మెట్టు సాధారణంగా అదే.

ఇనాం (శిస్తు మాఫీ చేసో తగ్గించో ఇచ్చిన భూమి) ఊరో, అగ్రహారమో, లేదా మామూలు ఊళ్ళోనే మీవాళ్ళకి ఇనాం చెక్క ఉందో అయితే మీకు అందరికన్నా మంచి రికార్డు ఉంది. దాని గురించి కింద విడిగా చెప్తాను.

తెలంగాణలో దివానీ (నిజాం ప్రభుత్వ) ఊళ్ళు, సర్ఫేఖాస్ (నిజాం సొంత) ఊళ్ళు, జాగీరు (జాగీర్దార్లకి ఇచ్చిన) ఊళ్ళు, గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాల ఊళ్ళు అని వేరువేరుగా ఉండేవి. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, అంతకు ముందు లెక్కలు జాగీర్దారు దఫ్తరంలో ఉండేవి కాబట్టి అన్నీ సర్కారు చేతికి వచ్చాయని అనుకోవద్దు.

ఇంకో చిక్కు జిల్లాలతో. గుంటూరు జిల్లా 1904లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో పుట్టాయి, భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది. ఈ మధ్య తెలంగాణలో 2016లో, ఆంధ్రాలో 2022లో జరిగిన మార్పులు సరేసరి. రికార్డు తయారైన ఏడు మీ ఊరు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా కేంద్రంలోనే అది మిగిలిపోయి ఉండొచ్చు.

3. ఫసలీని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చడం

ఫసలీ అంటే శిస్తు లెక్కలకి వాడే సంవత్సరం. దానికి 590 కలపండి, అంతే. ఫసలీ 1334 అంటే 1924లో మొదలై 1925లో ముగిసిన ఏడు. కోస్తా, రాయలసీమల్లో ఫసలీ జులై 1న మొదలై జూన్ 30న అయిపోతుంది. నిజాం ఇలాకాలో మాత్రం ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది, తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్ అని పార్సీ నెలలు నడుస్తాయి. కాబట్టి నిజాం కాగితంలో "1317 ఫసలీ ఖుర్దాద్" అని చూస్తే అది 1907 కాదు, 1908 వేసవి.

ఇంటి కాగితాల్లో ఫసలీ లేకుండా తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే జాగ్రత్త, అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. విరోధికృత్ అంటే 1851 కావచ్చు, 1911 కావచ్చు, 1971 కూడా కావచ్చు. స్టాంపు కాగితం మీద ఎవరి బొమ్మ ఉంది, డబ్బు అణాల్లో ఉందా నయాపైసల్లో ఉందా అన్నది చూస్తే తేలిపోతుంది. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో.

కరువు పేర్లు కూడా గుర్తుపెట్టుకోండి. గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన డొక్కల కరువు నందన నామ సంవత్సరం, 1832-33, అంటే ఫసలీ 1242. రాయలసీమ ధాత కరువు 1876-77, ఫసలీ 1286. ఈ ఏళ్ళకి అటూ ఇటూ పట్టాదార్ల పేర్లు మూకుమ్మడిగా మారినా, చేలు బంజరుగా పడినా, వలసో చావో అనుకుని వెతకాలి తప్ప అమ్ముకున్నారనుకోకూడదు. మీ కుటుంబం "ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ స్థిరపడింది" అని ఇంట్లో చెప్పుకునే మాట కూడా ఇలాంటి ఏడుతోనే కలవొచ్చు.

4. కొలతలు, డబ్బు, అంకెలు

ఇక్కడ తప్పు లెక్క వేస్తే వాటాలు తేలవు, వాటాలు తేలకపోతే అన్నదమ్ములెవరో తేలరు. "2-20" అని ఉంటే ఆంధ్రా కాగితంలో రెండెకరాల ఇరవై సెంట్లు, తెలంగాణ కాగితంలో రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి వంద సెంట్లు, నలభై గుంటలు, కాబట్టి రెండోది సరిగ్గా రెండున్నర ఎకరాలు. ఎకరాలు రాకముందు లెక్కల్లో పుట్టి, తూము, కుంచం, కుచ్చెల, గొర్రు అని ఉంటుంది. పుట్టికి ఇరవై తూములు, తూముకి నాలుగు కుంచాలు అన్నది కొలపాత్ర లెక్క, దాన్ని నేలకి అన్వయించినప్పుడు ఊరూరికీ తేడా వస్తుంది. అందుకని వాటిని ఎకరాల్లోకి మార్చే పని పెట్టుకోకుండా, అదే ఊళ్ళో ఎవరికి ఎంత అని పోల్చి చూసుకోండి, మనకి కావలసింది నిష్పత్తే.

రూపాయికి పదహారు అణాలు, అణాకి పన్నెండు పైలు. నిజాం కాగితాల్లో రూపాయి హాలీ సిక్కా (నిజాం సొంత నాణెం), ఏడు హాలీ రూపాయలు ఉరమరగా ఆరు కల్దార్ (బ్రిటిష్) రూపాయలతో సమానం. సరిహద్దు ఊళ్ళ కుటుంబాలు రెండు వైపులా భూమి ఉన్నప్పుడు రెండు రకాల రూపాయలూ కలిపి రాసుకునేవి, ఒకే చేనుకి శిస్తు రెండు అంకెలుగా కనిపిస్తే కంగారుపడకండి.

పాత కరణాల అంకెల్లో భిన్నాలకి గీతలు వాడేవారు. నిలువు గీత ఒకటి ఉంటే కాలు, రెండుంటే అర, మూడుంటే ముప్పాతిక. అడ్డగీత ఒకటి వీసం, అంటే పదహారో వంతు, రెండు అడ్డగీతలు పరక, మూడు ముప్పరక. రూపాయిలో కాలు అంటే పావలా, వీసం అంటే అణా. ఈ ఆరు గీతలు గుర్తుపట్టడం వస్తే పాత తెలుగు లెక్కలు సగం చదివేసినట్టే. ఇది అంకెలకే కాదు, వాటాలకీ పనికొస్తుంది, ఎందుకంటే గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో వీసబడి పద్ధతి నడిచిన రోజుల్లో ఊరి శిస్తు మొత్తాన్ని రైతులు తమలో తాము వీసాల లెక్కన పంచుకునేవాళ్ళు.

రాత విషయానికొస్తే, కరణాల గొలుసుకట్టు చూడగానే టెన్షన్ పడతారు. కొత్త పేజీ తెరిచి మీ పూర్వీకుడి పేరు వెతకడం మొదలెట్టకండి. ముందు మీకు తెలిసినవి చదవండి: ఊరి పేరు, తాలూకా పేరు, మెట్ట, మాగాణి, పోరంబోకు లాంటి మాటలు ప్రతి పేజీలో ఉంటాయి. ఆ కరణం "మ" ఎలా తిప్పుతాడో, "య్య" ఎలా కలుపుతాడో వాటితో పట్టుబడుతుంది. ఒకే కరణం ఏళ్ళ తరబడి రాస్తాడు కాబట్టి ఒకసారి చేయి అలవాటైతే ఎన్నో సంపుటాలు చదివేయొచ్చు. తెలంగాణ సేత్వార్లు (సర్వే నాటి మూల రిజిస్టర్లు), పాత పహాణీలు (అడంగల్ లాంటివి) ఉర్దూలో ఉంటాయి, వాటికి ఉర్దూ రాత చదవగలిగిన పెద్దమనిషి సాయం తప్పదు. మీరు నేర్చుకోవలసినవి నాలుగు మాటలు: వల్ద్ అంటే కొడుకు, జౌజే అంటే భార్య, ఫౌతీ అంటే చనిపోవడం, విరాసత్ అంటే వారసత్వం. చివరి రెండూ ఎక్కడ కనబడితే అక్కడ గుర్తు పెట్టండి.

5. ఏ రిజిస్టర్‌లో ఏముంటుంది

అన్నీ ఒకేలా పనికిరావు. కుటుంబం కోసం వెతికేవాళ్ళ కోణంలోంచి చెప్తున్నాను, భూమి తగాదా లాయరు దీన్నే వేరేలా చెప్తాడు.

*ఇనాం ఫెయిర్ రిజిస్టర్.* మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసి, ప్రతి ఇనాం ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అని విచారణ చేయించింది. ఆ విచారణ ఫలితమే ఈ రిజిస్టర్. మొదట ఇనాం పొందినవాడి పేరు, పాత ఫసలీ లెక్కల్లో ఎవరి పేరుందో ఆ పేరు, ఇప్పటి ఇనాందారుకి అతను ఏమవుతాడు, ఇప్పటి ఇనాందారు వయసెంత, ఎక్కడుంటాడు, వారసులెవరు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. వేరే ఏ శిస్తు కాగితమూ ఇంత చెప్పదు. 1860లో విచారణ జరిగినప్పుడు ఇనాందారుకి 45 ఏళ్ళని రాసుంటే ఆయన 1815 ప్రాంతంలో పుట్టినట్టు, పాత లెక్కలో ఉన్న ఆయన తాతది అంతకు ముందు శతాబ్దం. ఒక్క పేజీలో నాలుగు తరాలు. ఇందులో వయసులు మాత్రం 35, 40, 45, 50 అని అయిదుల లెక్కలోనే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి అటూ ఇటూ అయిదేళ్ళు వదిలేయండి. ఇనాం అంటే బ్రాహ్మణులకీ గుళ్ళకీ మాత్రమే అనుకోవద్దు, మంగలి, చాకలి, కుమ్మరి, వెట్టి, తలారి, నీరటి పనులు చేసినవాళ్ళకి ఇచ్చిన సర్వీసు ఇనాములూ ఉన్నాయి. టైటిల్ డీడ్ నంబరు, కట్టుబడి (ఇనాం మీద కట్టే తక్కువ శిస్తు) మొత్తం తర్వాతి రికార్డుల్లో కూడా కనిపిస్తాయి, ఆ నంబరు పట్టుకుంటే దారం తెగదు.

*ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, దీన్నే డైగ్లాట్ అనీ అంటారు.* రైతువారీ ఊళ్ళకి ఇదే మూలం. సర్వే నంబరు, దాని పాత నంబరు, మెట్టో మాగాణో, నేల తరం, విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి. పాత నంబరు గడి మనకి ప్రాణం, దాన్ని పట్టుకునే ఇంకా వెనక్కి వెళ్ళగలం. పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసినవీ ఉంటాయి, వీటినే చుక్కల భూములు అంటున్నారు, వీటి మీద ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. మీ చేను దగ్గర చుక్కలుంటే మీవాళ్ళు అక్కడ లేరని కాదు, సెటిల్‌మెంటు రోజున ఎవరి పేరూ ఖాయం కాలేదని.

*అడంగల్, 10(1).* అడంగల్ ఏటేటా రాసేది, చేను వారీగా ఉంటుంది. 10(1) రైతు వారీగా ఉంటుంది, ఒక రైతుకి ఊళ్ళో ఎక్కడెక్కడ ఎంత ఉందో ఒకచోట చూపిస్తుంది. అడంగల్‌లో పట్టాదారు గడి, అనుభవదారు (సాగు చేసుకుంటున్నవాడి) గడి వేరువేరు. పోయిన తాత పట్టాదారు గడిలో కూర్చుని ఉంటే, బతికున్న కొడుకు అనుభవదారు గడిలో ఉంటాడు. ఈ రెండు గడులూ కలిపి చదివితే తండ్రీ కొడుకులు దొరికినట్టే, కాకపోతే అనుభవదారు కౌలురైతు కూడా కావచ్చు, కాబట్టి ఇంటిపేరు చూసుకోండి.

*తెలంగాణలో* మొదట సర్వే సెటిల్‌మెంటు నాటి వసూల్ బాకీ, సేత్వార్ చూడాలి. ఏటేటా జరిగిన మార్పులు ఫైసల్ పట్టీలో ఉంటాయి, వంశం వెతికేవాళ్ళకి ఇదే అసలు నిధి, ఎందుకంటే పేరు మారిన కారణం కూడా ఇందులో కనిపించొచ్చు. ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, దాని వెనకాలే 1955-58 చెసలా పహాణీ. ఖాస్రాలో పట్టాదారుతో పాటు షిక్మీదారు (పట్టా లేని వాటాదారు) గడి చూడటం మర్చిపోకండి. పట్టా పెద్దన్న పేర ఉండి, భూమిలో హక్కున్న తమ్ముళ్ళో దాయాదులో షిక్మీదార్లుగా ఉండటం మామూలే. ఒక్క గడిలో మొత్తం అన్నదమ్ముల జాబితా దొరికినవాళ్ళున్నారు. రక్షిత కౌల్దార్ల రిజిస్టర్ కూడా అడగండి, 1950 కౌల్దారీ చట్టం కింద నమోదైన వాళ్ళ పేర్లు, తండ్రి పేర్లు అందులో ఉంటాయి.

పట్నంవాళ్ళకి భూమి లేకపోతే మున్సిపాలిటీ ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్లు చూడొచ్చు. ఇంటి నంబర్లు మారిపోతూ ఉంటాయి, అసెస్‌మెంట్ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్ళాలి.

6. మార్పుల్ని చదవడం

ఇక అసలు పని. కల్పించిన ఉదాహరణతో చెప్తాను. సర్వే నంబరు 112, నాలుగెకరాల ముప్పై ఆరు సెంట్లు. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు "వెంకయ్య, సుబ్బయ్య వగైరా". వీళ్ళు అన్నదమ్ములా, తండ్రీకొడుకులా, బాబాయ్ అబ్బాయా? కాగితం చెప్పదు. "వగైరా" అన్న మాట ఇంకా ఎవరో ఉన్నారని మాత్రం చెప్తోంది.

ఫసలీ 1334 అడంగల్‌కి వస్తే 112-1 వెంకయ్య 2.18, 112-2 "మైనరు కోటయ్య, సంరక్షకురాలు తల్లి రత్తమ్మ" 2.18. ఒక్క ఎంట్రీలో ఎంత సమాచారమో చూడండి. సుబ్బయ్య పోయాడు. భార్య రత్తమ్మ. కొడుకు కోటయ్యకి 1924-25లో పద్దెనిమిది నిండలేదు, అంటే 1906 తర్వాత పుట్టాడు. సుబ్బయ్య పేరు ఆఖరుసారి కనిపించిన ఫసలీ, కోటయ్య పేరు మొదటిసారి కనిపించిన ఫసలీ, ఈ రెంటి మధ్య పంపకం జరిగింది. మైనరు అన్న మాట పోయి కోటయ్య ఒక్కడి పేరే ఏ ఏడు వస్తుందో వెతికితే పుట్టిన ఏడు ఇంకా దగ్గరికి వస్తుంది, అయితే కరణాలు ఆ మాట కొట్టేయడంలో బద్ధకిస్తారు కాబట్టి దాన్ని గరిష్ఠ హద్దుగా తీసుకోండి.

ఇప్పుడు వాటాలు. సగం సగం వచ్చింది కదా అని అన్నదమ్ములని రాసేయకండి. హిందూ ఉమ్మడి కుటుంబంలో తండ్రీ కొడుకులు విడిపోయినా సమాన వాటాలే. సుబ్బయ్య వెంకయ్యకి తమ్ముడు కావచ్చు, కొడుకు కూడా కావచ్చు, అలా అయితే రత్తమ్మ కోడలు, మైనరు మనవడు. దీన్ని తేల్చేది తర్వాతి మెట్టు. ఫసలీ 1366లో 112-1 రెండు ముక్కలై 1.09, 1.09 ఇద్దరి పేర వచ్చింది, ఆ ఇద్దరి తండ్రి పేరు వెంకయ్య. కోటయ్య 2.18 కదలలేదు. సుబ్బయ్య వెంకయ్య కొడుకే అయితే వెంకయ్య పోయాక మిగతా కొడుకులతో పాటు కోటయ్య కూడా ఎంతో కొంత అడిగి ఉండేవాడేమో, కానీ ముందే విడిపోయినవాళ్ళకి మళ్ళీ వాటా రాకపోవడమూ ఉంది. కాబట్టి ఈ దశలో పెన్సిలుతో "అన్నదమ్ములు, బహుశా" అని రాసుకుని, సుబ్బయ్య తండ్రి పేరున్న మరో కాగితం, రిజిస్టర్డ్ దస్తావేజైనా సరే, దొరికాక పెన్నుతో దిద్దండి.

భిన్నాలు గమనించే అలవాటు చేసుకుంటే వంశవృక్షం కొమ్మలు అవే కనపడతాయి. మొత్తంలో మూడో వంతు ఇద్దరికి, ఆరో వంతు ఇంకో ఇద్దరికి ఉంటే ముగ్గురన్నదమ్ములు, అందులో ఒకడు పోయి అతని ఇద్దరు కొడుకులు వచ్చారని. విస్తీర్ణం ఏ భిన్నానికీ లొంగకుండా 0.73 లాగా విడిపోతే అది పంపకం కాకపోవచ్చు, అమ్మకం అనుకుని ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయండి. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతి వెతుకులాటే.

ఒకే పేరు తిరిగి రావడం ఇంకో తలనొప్పి. తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి రామయ్య కొడుకు వెంకయ్య, వెంకయ్య కొడుకు రామయ్య, మళ్ళీ వెంకయ్య అని పోతూ ఉంటుంది. అరవై ఏళ్ళ పాటు "వెంకయ్య" పట్టాలో ఉంటే ఒకడే అనుకోకండి, ఇద్దరై ఉంటారు. పెద, చిన అన్న మాటలు అన్నదమ్ములకే కాదు, ఊళ్ళో ఒకే పేరున్న సంబంధం లేని ఇద్దరికీ తగిలిస్తారు. దత్తతలు, ఇల్లరికాలు కూడా ఇక్కడే గుట్టు విప్పుతాయి: తండ్రి పేరు ఒకటి, ఇంటిపేరు ఇంకొకటి అయిన మనిషికి హఠాత్తుగా మీ చేలో సగం వచ్చిందంటే అల్లుణ్ణి తెచ్చుకున్నారేమో అడగండి. కోస్తా జిల్లాల్లో ఇల్లటం అల్లుడికి ఆస్తి రావడం ఆచారంగా ఉండేది, కోర్టులు కూడా దాన్ని ఒప్పుకున్నాయి.

ఆడవాళ్ళ పేర్లు తక్కువ, కానీ వచ్చిన చోట బరువైనవి. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు పట్టాలో ఆడమనిషి పేరు ఒంటరిగా ఉంటే చాలాసార్లు ఆమె భర్త మగ సంతానం లేకుండా పోయాడని అర్థం, ఆమె తదనంతరం ఆ భూమి ఎవరికి వెళ్ళిందో చూస్తే భర్త వైపు దగ్గరి దాయాదులు తెలుస్తారు. మనోవర్తి కింద ఇచ్చిన చెక్కలు, పసుపు కుంకుమ భూములు పుట్టింటి ఊరి లెక్కల్లో కూడా దొరుకుతాయి, కాబట్టి అమ్మమ్మ, నాయనమ్మల ఊళ్ళు వదిలేయకండి.

7. మీవాళ్ళకి భూమి లేకపోతే

శిస్తు లెక్క శిస్తు కట్టినవాడినే గుర్తుపెట్టుకుంది, చెమటోడ్చినవాడిని కాదు. ఇది దాని పెద్ద అన్యాయం, దాచిపెట్టడం దండగ. అయినా కొన్ని దార్లున్నాయి. అనుభవదారు గడి, కౌల్దార్ల రిజిస్టర్, సర్వీసు ఇనాములు, తెలంగాణలో సేత్‌సింధీ ఇనాములు, బంజరు మీద దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చిన డీకేటీ పట్టాలు, లావుణి పట్టాలు. అసైన్‌మెంటు ఫైళ్ళలో కుటుంబ వివరాలు రాయించేవారు కాబట్టి పట్టా కాపీతో ఊరుకోకుండా ఫైలు నంబరు అడగండి.

ఫిజీ, మారిషస్, దక్షిణాఫ్రికాల్లో ఉన్న తెలుగువాళ్ళు వేరే చివర నుంచి రావాలి. వలస కూలీ పాసులో తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా విన్నట్టు రాసుకున్నది, దాన్ని తెలుగులోకి బిగ్గరగా పలికి చూసి, ఆ తాలూకా ఊళ్ళ జాబితాతో పోల్చండి. తర్వాత ఆ ఊరి అడంగల్‌లో ఆ తండ్రి పేరు.

8. ఎక్కడ అడగాలి

ముందు తహసీల్దార్ ఆఫీసు: అడంగల్, 10(1), పహాణీల సర్టిఫైడ్ కాపీలు. అక్కడ లేనివి కలెక్టరేట్ రికార్డు గదిలో. మ్యాపులు, టిప్పన్లు (చేల కొలతల పటాలు), సేత్వార్లు సర్వే శాఖ దగ్గర. ఇంకా పాతవి హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లోనో, మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రెవెన్యూ బోర్డు కాగితాలైతే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనో. మీభూమి, భూభారతి లాంటి పోర్టళ్ళు ఇవాళ్టి పేరు చెప్తాయి, మన పనికి సర్వే నంబరు ఖాయం చేసుకోవడానికి తప్ప పెద్దగా అక్కరకు రావు.

దరఖాస్తులో "మా పూర్వీకుల వివరాలు ఇప్పించగలరు" అని రాస్తే ఖాళీ చేతులతో వస్తారు. ఊరు, తాలూకా, సర్వే నంబరు, రిజిస్టర్ పేరు, ఫసలీ నుంచి ఫసలీ దాకా అని రాయండి. "లేదు" అంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి, దరఖాస్తు ఫీజు పది రూపాయలు దాటదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, రికార్డు చెడిపోయిందంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మనండి.

కరణాల వ్యవస్థ 1984 జనవరిలో రద్దయినప్పుడు పుస్తకాలు అప్పగించారు గానీ, సొంత నకళ్ళు ఇంట్లో ఉంచుకున్న కరణం, పట్వారీ కుటుంబాలు ఉన్నాయి. ఊళ్ళో వాళ్ళ వారసులెవరో కనుక్కుని వెళ్ళండి. భూమి గొడవ కోసం వచ్చారేమోనని మొదట బిగుసుకుంటారు, కాబట్టి సర్వే నంబర్ల మాట ఎత్తకుండా మీ తాత పేరు, ఏ బజారువాళ్ళో చెప్పి కూర్చోండి. ఫోటో తీసుకునే ముందు అడగండి, పుస్తకం బయటికి తీసుకెళ్తానని మాత్రం అనకండి.

దొరికినవన్నీ ఒక ఎక్సెల్ షీటులో పెట్టండి: వరసకి ఒక ఫసలీ, నిలువు గడులు సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, తండ్రి లేదా భర్త పేరు, రిమార్కులు, కాగితం ఎక్కడ దొరికింది. పేర్లు కాగితంలో ఎలా ఉంటే అలాగే ఎక్కించండి, "వెంకైయ్య" అని ఉంటే మీరు "వెంకయ్య" అని దిద్దకండి. దిద్దిన పేరుకి పక్కన ఇంకో గడి పెట్టుకోండి. ఇంకోటి, ఇవన్నీ చూశాక "ఈ చేను మాదేగా" అనిపించి ఇప్పుడు సాగు చేసుకుంటున్నవాళ్ళ గుమ్మం తొక్కేరు. శిస్తు లెక్కలో పేరుండటం వేరు, హక్కు వేరు, ఆ సంగతి లాయరుతో మాట్లాడండి.